గుల్ల ఎముకకు కొత్త కట్టుబడి



నేను పశువైద్యుణ్ణి. నందిగామ, జగ్గయ్యపేట చుట్టుపక్కల మెట్ట గ్రామాల్లో ముప్పై యేళ్లు గేదెల వెంట, ఎడ్ల వెంట తిరిగినవాణ్ణి. ఇటువంటివాడు మనుషుల ఎముకల మందును గురించి చెప్పడానికి వచ్చాడేమిటని మీకు తోచవచ్చు. దానికి కారణం మా పెద్దమ్మ.

పది యేళ్ల కిందటి మాట. వాళ్ల గేదె ఈని రెండు రోజులైంది. మంచి పాడిగేదె, మూడో ఈత. తెల్లవారుజామున కబురు వస్తే వెళ్లాను. కాళ్లు ముడుచుకుని, మెడ డొక్కకేసి తిప్పుకుని పడివుంది. చెవులు చల్లబడ్డాయి. మీలో పాడి చేసేవారందరికీ తెలుసును, అది పాలజ్వరం. పేరులో జ్వరం వున్నదే గాని ఒళ్లు కాలదు. క్యాల్షియం సీసాను కాస్త గోరువెచ్చగా చేసి, నరానికి మెల్లగా ఎక్కించాను. సీసా అయిపోయిన కొంతసేపటికి గేదె వణికింది, త్రేన్చింది, లేచి నిలబడి దూడకోసం అరిచింది.

అరుగు మీద కూర్చుని యిదంతా చూస్తున్న పెద్దమ్మ అన్నది: "ఒరేయ్ అబ్బాయ్, నోరులేనిదాన్ని ఒక్క సూదితో లేపావు. నా నడుముకు అట్లాంటి సూది లేదంట్రా?"

నేను నవ్వాను. ముసలితనానికి సూది ఎక్కడుంటుంది పెద్దమ్మా అన్నాను. అది నా పొరపాటు. అప్పటికే అట్లాంటి సూది వుంది. చదువుకున్నవాణ్ణయివుండి నాకు తెలియలేదు. తెలిసిన తర్వాత యీ నాలుగు మాటలు అందరికీ చెప్పాలనిపించింది.

పెద్దమ్మ నడుము సంగతి ముందు వినండి. అంతకు రెండేళ్ల కిందట వాకిట్లో కళ్లాపి చల్లుతూ జారి, కింద పడకుండా చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. కట్టు కట్టించారు, ఆరు వారాలకు విప్పారు, చెయ్యి అతికింది. నిలబడ్డ మనిషి నిలబడ్డ చోట జారినంత మాత్రాన ఎముక ఎందుకు విరగాలి అని కట్టు కట్టినవారు అడగలేదు. ఇంట్లో మేమూ అడగలేదు. ఆ మరుసటి యేడు కల్లంలో మిరపకాయల బస్తా పక్కకు జరపబోతే నడుములో చటుక్కుమన్నది. బెణికింది అనుకుని వేడి కాపడాలు, నూనె మర్దనాలు చేశారు. నిజానికి వెన్నుపూస ఒకటి నలిగి అణగిపోయింది. ఇంకొన్నాళ్లకు మరొకటి. చూస్తుండగానే మనిషి వంగిపోయింది. గడమంచె మీది డబ్బా అందుకునే మనిషికి ఆ డబ్బా అందడం మానింది. వయసు మీద పడ్డదన్నారందరూ. అది వయసు ఒక్కటే కాదు, గుల్ల ఎముకల జబ్బు. డాక్టర్లు ఆస్టియోపోరోసిస్ అంటారు. ముట్టుడిగిన ఆడవారిలో ఎక్కువ. మగవారికి రాదనుకోవద్దు, కాస్త ఆలస్యంగా వస్తుంది.

ఇక ఎముక సంగతి. జగ్గయ్యపేట కింద భూమి అంతా సున్నపురాయి. సిమెంటు ఫ్యాక్టరీలు అక్కడికి వచ్చింది అందుకే. ఎముకలో వున్నదీ సున్నమే, క్యాల్షియం. ఒంట్లో వున్న క్యాల్షియంలో నూటికి తొంభై తొమ్మిది పాళ్లు ఎముకల్లోనే వుంటుంది. అయితే క్వారీలో రాయి పడివున్నట్టు అది పడివుండదు. ఎముక ప్రాణమున్న వస్తువు. చెరువు కట్టకు యేటేటా మరమ్మతు చేసినట్టు, ఒంట్లో ఒక పక్క పాత ఎముకను తవ్వే కణాలు, వాటి వెనుకే ఆ గోతిని కొత్త ఎముకతో పూడ్చే కణాలు నిత్యం పనిచేస్తుంటాయి. వయసులో వున్నప్పుడు తవ్వినంతా పూడుతుంది. ముట్టుడిగాక తవ్వేవారు ఎక్కువవుతారు, పూడ్చేవారు వెనకబడతారు. కట్ట పైకి కట్టలాగే కనబడుతుంది, లోపల ఎలుక బొరియలు. ఒక్క పెద్ద వానకు గండి పడుతుంది.

మరి తవ్వమని చెప్పేదెవరు? ఇక్కడే గేదె కథ పనికివస్తుంది. మెడలో థైరాయిడ్ గ్రంథి వెనకాల పెసరగింజంతేసి గ్రంథులు నాలుగు వున్నాయి. పారాథైరాయిడ్ గ్రంథులంటారు. నెత్తుటిలో క్యాల్షియం తగ్గిందంటే అవి ఒక రసాన్ని వదులుతాయి. ఆ రసం ఎముకల దగ్గరకు పోయి, "కొంచెం సున్నం తియ్యండి, నెత్తుటికి కావాలి" అంటుంది. గేదె ఈనగానే పాలలోకి క్యాల్షియం ఒక్కసారిగా పోతుంది. గ్రంథి పిలుపు, ఎముక జవాబు తగినంత వేగంగా అందకపోతే గేదె పడిపోతుంది. మనం సీసా ఎక్కించి ఆ గడియ గట్టెక్కిస్తాము.

ఈ రసం ఎముకను కరిగిస్తుందన్నది పాత సంగతి. కెనడా శాస్త్రజ్ఞుడు కాలిప్ 1925లో దానిని గ్రంథులనుంచి పనికివచ్చే రూపంలో తీశాడు. వింత యేమంటే, అదే రసాన్ని కొద్ది మోతాదులో విడతలుగా యిస్తే ఎలుకల్లో ఎముక పెరుగుతున్నదని 1930 ప్రాంతాలలోనే కనిపెట్టారు. కరిగించేది కట్టడమేమిటి? అప్పుడు ఎవరికీ సరిగా అంతుపట్టలేదు. ఆ సంగతి చాలా యేళ్లు పక్కన పడివుంది.

మిరప తోట పెంచినవారికి యిది అర్థం కావడం కష్టం కాదు. తడి పెట్టి, ఆరనిచ్చి, మళ్లీ తడి పెడితే వేరు పోతుంది, మొక్క తిరుగుతుంది. అదే నీరు మడిలో రాత్రింబగళ్లు నిలవ వుంటే వేరు కుళ్లి మొక్క చస్తుంది. నీరు ఒకటే, పెట్టే తీరు వేరు. పారాథైరాయిడ్ రసమూ అంతే. నెత్తుటిలో ఎడతెగకుండా వుంటే ఎముకను తింటుంది. రోజుకు ఒకసారి వచ్చి, కొద్ది గంటల్లో పోయిందంటే పూడ్చే కణాలు మేలుకుంటాయి, తవ్వే కణాలు అంతగా కదలవు.

ఈ మందు సంగతి యింకా చెప్పేముందు, ఎముకను కడుతుందని నమ్మి డాక్టర్లు యిచ్చిన మరో వస్తువు కథ చెప్పాలి. అది మన ఇంటి పక్క కథ.

జగ్గయ్యపేట దాటి కోదాడ వైపు వెడితే పాత నల్లగొండ జిల్లా. ఫ్లోరైడు నీళ్లకు ఆ పేరు దేశమంతటా తెలిసింది. అయితే ఈ జబ్బు మన దేశంలో ముందుగా బయటపడ్డది అప్పటి నెల్లూరు జిల్లాలో, పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలలో. మొదట గమనించినది రైతులే. కాడెద్దులు కీళ్లు బిగుసుకుపోయి నడవలేక నిలబడిపోయేవి. తర్వాత మనుషులకూ అదే పాటు వచ్చింది. 1937లో షార్ట్ మొదలైన డాక్టర్లు మద్రాసు రాజధానిలోని యీ జబ్బును వివరిస్తూ పత్రం వేశారు. వెన్నెముక కర్రలా బిగిసిపోయినవారిని ఎక్స్‌రే తీస్తే ఎముకలు పలచగా లేవు సరికదా, సున్నం కొట్టినట్టు తెల్లగా, దట్టంగా కనిపించాయి.

ఆ దట్టమే కొందరికి ఆశ పుట్టించింది. ఫ్లోరైడు ఎముకను యింత దళసరి చేస్తుంటే, గుల్లబారిన ఎముకకు దానినే మందుగా యిస్తే పోలా? 1961 నుంచి పాశ్చాత్య దేశాల్లో సోడియం ఫ్లోరైడు ఇచ్చి చూడసాగారు. ఎముకల సాంద్రత పెరిగింది, అందరూ సంతోషించారు. దాదాపు ముప్పై యేళ్లు గడిచాక అమెరికాలో రిగ్స్ అనే డాక్టరు, అతని తోటివారు కచ్చితమైన పరీక్ష చేశారు. వెన్నుపూసలు నలిగిన 202 మంది స్త్రీలను తీసుకుని, సగం మందికి రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడు, సగం మందికి ఉత్త మాత్ర, అందరికీ క్యాల్షియం, నాలుగేళ్లపాటు యిచ్చారు. 1990లో ఫలితం అచ్చయింది. ఫ్లోరైడు తీసుకున్నవారి నడుము ఎముకల సాంద్రత నూటికి 35 వంతులు పెరిగింది. అయినా వెన్నుపూసలు నలగడం చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు. వెన్నెముక కాక తక్కిన ఎముకలు విరగడం చూస్తే ఉత్త మాత్ర వారిలో 24, ఫ్లోరైడు వారిలో 72.

ఈ రెండు అంకెలు చూడండి. ఎముక దళసరి అయింది, బలహీనమూ అయింది. సున్నం పాలు తప్పిన గచ్చులాగా కట్టుబడి ఎక్కువ, పట్టు తక్కువ. ఆ 75 మిల్లీగ్రాముల మందులో అసలు ఫ్లోరైడు పాలు సుమారు 34 మిల్లీగ్రాములు. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు వున్న బోరు నీళ్లు వేసవిలో చేను దున్నే మనిషి రోజుకు అయిదు లీటర్లు తాగితే 25 మిల్లీగ్రాములు. అంటే మన పల్లెల్లో కొందరు ఎవరూ చీటీ రాయకుండానే, పుట్టినప్పటినుంచి, ఆ మందుకు దగ్గరదగ్గర మోతాదు తాగుతూ వచ్చారన్నమాట. తాగే నీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకుండా వుండటం మంచిదనీ, వేరే నీరు దొరకని చోట ఒకటిన్నర దాటరాదనీ మన దేశపు ప్రమాణం.

నల్లగొండ పల్లెల్లో యింకో సంగతి కూడా తేలింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు, కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గార్లు, 1973లో ఒక పత్రం ప్రకటించారు. ఫ్లోరైడు వున్న ఊళ్లలో కుర్రవాళ్లకు మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి కొట్టుకుంటున్నాయి. వారిలో వెన్నెముక దట్టంగా వుంటే కాళ్ల ఎముకలు గుల్లగా వున్నాయి. ఒకే మనిషిలో ఒకచోట రాయి, ఒకచోట బెండు. ఫ్లోరైడు ఎముకను కడుతుందన్న మాటకు యింతకన్న జవాబు యేముంటుంది? ఈ పత్రాన్ని ఆనాడు తక్కిన దేశాలవారు యింకాస్త శ్రద్ధగా చదివివుంటే బాగుండేదని నా అభిప్రాయం.

ఈ భోగట్టా అంతా ఎందుకు చెప్పానంటే, మీరు ఎముకల పరీక్షకు పోయినప్పుడు ఇది పనికివస్తుంది. సాంద్రత కొలిచే యంత్రాన్ని డెక్సా అంటారు. అంకె మైనస్ రెండున్నర గాని, అంతకు దిగువ గాని వస్తే గుల్ల ఎముకల జబ్బు అంటారు. ఫ్లోరైడు నీళ్ల ఊరివారికి ఆ అంకె బాగా వున్నట్టు కనిపించినా ఎముక బాగా వుండకపోవచ్చు. ఏ ఊరి నీళ్లు తాగి పెరిగారో డాక్టరుగారికి తప్పక చెప్పండి. పుట్టినిల్లు ఒక ఊరు, మెట్టినిల్లు ఒక ఊరు అయినప్పుడు రెండూ చెప్పాలి.

అంకె పెరగడం చాలదు, నిజమైన ఎముక కడుతున్నదా లేదా చూడాలి అన్నారు గదా, ఎట్లా చూస్తారు? ఈ పనిలో మన తెలుగువాడి చెయ్యి వుంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మీరు వినివుంటారు. అమెరికాలో హార్వర్డులో వుండగా ఆయన, ఫిస్క్ కలసి నెత్తుటిలో భాస్వరం ఎంతున్నదో రంగును బట్టి కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. ఎముక అంటే క్యాల్షియము, భాస్వరము కలిసిన కట్టడం. భాస్వరం లెక్క తెలియకుండా ఎముకల జబ్బు లెక్క తేలదు. తర్వాత ఆయన లెడర్లీ కంపెనీలో పరిశోధన శాఖకు అధిపతిగా వున్న కాలంలో అక్కడ డగ్గర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుంచి ఆరియోమైసిన్ కనిపెట్టాడు. 1948లో అది లోకానికి తెలిసింది. ఆ యేడు ఆగస్టులోనే సుబ్బారావుగారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ జాతి మందులలో అది మొదటిది. గాలికుంటు పుండ్లకూ, గొంతువాపుకూ మేము పశువులకు పొడిచే పసుపుపచ్చని ఆక్సీటెట్రాసైక్లిన్ దాని చెల్లెలే.

ఈ మందుకు ఒక గుణం వుంది. కొత్తగా సున్నం పట్టే ఎముకలో పోయి కూర్చుంటుంది, ప్రత్యేకమైన దీపం కింద పచ్చగా మెరుస్తుంది. చిన్నపిల్లలకు యిస్తే పళ్లు పచ్చబడేది అందుకే. 1950లలో ఆ మెరుపు గమనించారు. తర్వాత దానినే కొలబద్ద చేసుకున్నారు. రోగికి కొద్దిరోజులు మాత్రలిచ్చి, ఆపి, కొన్నాళ్లకు మళ్లీ కొద్దిరోజులు యిస్తారు. తర్వాత తుంటి పైఎముకనుంచి చిన్న ముక్క తీసి చూస్తే రెండు పచ్చని గీతలు కనిపిస్తాయి. గీతకూ గీతకూ మధ్య దూరమే ఆ రోజుల్లో కట్టిన ఎముక. గోడ కట్టే మేస్త్రీ ఈ వారం వేసిన వరసలకు సున్నంతో గుర్తు పెట్టినట్టు. ఏ మందు ఎముకను కడుతుంది, ఏది తవ్వడం ఆపుతుంది అన్నది ఇట్లాంటి గీతల మీదనే తేల్చారు. ఫ్లోరైడు యిచ్చినవారి ఎముక ముక్కలలో కొత్త కట్టడం వుంది గాని, దానికి సున్నం సరిగా పట్టలేదని కూడా ఇట్లాగే కనబడింది.

ఇప్పుడు మన రసం దగ్గరకు వద్దాము. పారాథైరాయిడ్ రసం 84 పూసల దండ వంటిది. మొదటి 34 పూసలు చాలు, పని జరుగుతుంది. ఆ 34 పూసల తునకను ప్రయోగశాలలో సూక్ష్మజీవుల చేత తయారు చేయించి దానికి టెరిపారటైడ్ అని పేరు పెట్టారు. వెన్నుపూసలు నలిగిన 1,637 మంది స్త్రీలకు యిచ్చి చేసిన పరీక్ష ఫలితం 2001లో వచ్చింది. ఉత్త సూది వారిలో నూటికి 14 మందికి కొత్తగా వెన్నుపూసలు నలిగితే, రోజుకు 20 మైక్రోగ్రాముల మందు వారిలో 5 మందికే నలిగాయి. తక్కిన ఎముకలు విరగడమూ సగానికి పైగా తగ్గింది. తుంటి విరుగుళ్లు మాత్రం ఆ పరీక్షలో బహు కొద్ది, కనుక దాని సంగతి విడిగా తేల్చలేకపోయారు. 2002 నవంబరులో అమెరికా ప్రభుత్వం ఈ మందుకు అనుమతి యిచ్చింది. ఇప్పుడు మన దేశపు కంపెనీలు కూడా తయారు చేస్తున్నాయి.

ఒక భయం మాట కూడా దాచను. ఎలుకలకు చిన్నప్పటినుంచి దాదాపు జీవితాంతం పెద్ద మోతాదులు యిస్తే ఎముక క్యాన్సరు వచ్చింది. అందుచేత డబ్బామీద గట్టి హెచ్చరిక వేశారు. తర్వాత చాలా యేళ్లు మనుషులను కనిపెట్టి చూశారు. ఆ ప్రమాదం మనుషుల్లో పెరిగిన జాడ కనిపించనందున 2020లో అమెరికాలో ఆ హెచ్చరిక తీసివేశారు. అయినా ఎముకకు క్యాన్సరు వున్నవారికి, ఎముకలకు కరెంటు వైద్యం చేయించుకున్నవారికి, ఎముక యింకా ఎదుగుతున్న పిల్లలకు, నెత్తుటిలో క్యాల్షియం ముందే ఎక్కువగా వున్నవారికి ఈ మందు తగదు. మూత్రపిండాల్లో రాళ్లు వున్నవారు ముందే చెప్పాలి.

ఇదిగాక వున్న మందులు వేరు. వారానికొక మాత్రగా యిచ్చే అలెండ్రోనేట్, యేడాదికోసారి నరానికి ఎక్కించే జోలెడ్రోనిక్ ఆమ్లం, ఇవి తవ్వేవారిని ఆపుతాయి. కడతాయని కాదు, వున్న కట్ట జారిపోకుండా నిలబెడతాయి. చవకగా దొరుకుతాయి, చాలామందికి యివే చాలు. వాటిని తక్కువ చేయకండి. మాత్ర మాత్రం పరగడుపున నిండు గ్లాసు నీళ్లతో మింగి, అరగంట పడుకోకుండా వుండాలి, లేకపోతే గొంతు కింద పుండు పడుతుంది. వెన్నుపూసలు అప్పటికే నలిగినవారికి మాత్రం కట్టే మందు మేలని 2018లో అచ్చయిన పరీక్ష చెప్పింది. రెండేళ్లలో, నిలబెట్టే మాత్ర తీసుకున్నవారిలో నూటికి 12 మందికి కొత్తగా వెన్నుపూస నలిగితే, టెరిపారటైడ్ వారిలో 5 మందికి నలిగింది.

ఇంకా కొత్తది ఒకటి వచ్చింది. దక్షిణాఫ్రికాలో కొన్ని కుటుంబాలవారికి పుట్టుకతో ఎముకలు విపరీతంగా దళసరిగా, గట్టిగా పెరుగుతాయి. కారణం వెతికితే, పూడ్చేవారికి "ఇక చాలు" అని చెప్పే స్క్లెరోస్టిన్ అనే పదార్థం వారిలో తయారు కాదని తేలింది. ఆ పదార్థాన్ని పట్టి ఆపే మందు రోమోసోజుమాబ్. నెలకొకసారి చొప్పున పన్నెండు నెలలు. 7,180 మంది స్త్రీలమీద చేసిన పరీక్షలో యేడాదిలో వెన్నుపూసలు నలగడం నూటికి 73 వంతులు తగ్గింది. అయితే మరొక పరీక్షలో గుండెపోటు, పక్షవాతం కొంచెం ఎక్కువగా కనిపించాయి. ఆ జబ్బులు కొత్తగా వచ్చినవారికి ఇది వద్దంటారు. 2019లో అమెరికాలో అనుమతి వచ్చింది. చూశారా, ఫ్లోరైడు దళసరి ఎముక విరిగింది, ఈ కుటుంబాలవారి దళసరి ఎముక విరగదు. తేడా కట్టుబడిలో వుంది.

నల్లేరు సంగతేమిటని అడిగేవారు తప్పక వుంటారు. మన చేల కంచెల మీద పాకే నాలుగు పలకల తీగ. లేత కాడలు చేతికి నూనె రాసుకుని తుంచి పచ్చడి చేసుకుంటాము, విరిగిన ఎముకకు పట్టు వేస్తాము. అది ఉత్త నమ్మకమని కొట్టిపారేయడానికి లేదు. 1960లలో కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఉడుప, ప్రసాద్ గార్లు జంతువులమీద పరీక్షించి, విరిగిన ఎముక త్వరగా అతకడానికి అది తోడ్పడుతున్నదని రాశారు. కాని విరిగినది అతకడం వేరు, గుల్లబారినది విరగకుండా వుండటం వేరు. వెయ్యిన్నర మంది స్త్రీలకు నల్లేరు యిచ్చి, ఎందరి ఎముకలు విరిగాయో లెక్కపెట్టిన పరీక్ష జరగలేదు. పచ్చడి తినండి, బాగుంటుంది. వెన్నుపూస నలిగిన మనిషిని దానిమీదనే వుంచకండి.

మందు ఎంత గొప్పదైనా ఇటుకా సున్నమూ లేకపోతే మేస్త్రీ యేం కడతాడు? హైదరాబాదులో బీద కుటుంబాలకు చెందిన ముప్పై నుంచి అరవై యేళ్ల లోపు స్త్రీలు 289 మందిని పోషకాహార సంస్థవారు చూసి 2005లో ప్రకటించారు. నూటికి 29 మందికి తుంటి మెడ ఎముక అప్పటికే గుల్లబారింది. వారు తినే తిండిలో రోజుకు 270 మిల్లీగ్రాముల క్యాల్షియం వుంది. కావలసింది వెయ్యి, ముట్టుడిగినవారికి 1,200. మన ఇళ్లలో జరిగేదేమిటి? పాలన్నీ కేంద్రానికి పోస్తాము. ఇంటి ఆడవాళ్లు మజ్జిగ తేటతో సరిపెట్టుకుంటారు. పాడి ఆదాయం మీద బ్రతికినవాణ్ణి, అమ్మవద్దని అనను. గ్లాసుడు పాలు ఇంట్లో వుంచండి. వంద గ్రాముల రాగులలో 350 మిల్లీగ్రాముల దాకా క్యాల్షియం వుంటుంది. మునగాకు, నువ్వులు మనకు కొనేపని లేదు. గేదెకు మినరల్ మిక్స్చర్ వేసే ఇంట్లో దాన్ని పిండే మనిషికి ఏమీ వుండదు. ఇది నేను ఎన్ని ఇళ్లల్లో చూశానో!

పెద్దమ్మను చివరకు విజయవాడ తీసుకువెళ్లాము. ఎక్స్‌రేలో రెండు పూసలు అణగివున్నాయి. డాక్టరుగారు టెరిపారటైడ్ రాశారు. నెలకు కొన్ని వేల రూపాయల ఖర్చు. పెద్దమ్మ కొడుకు ఒక రోజంతా ఆలోచించాడు. తుంటి కూడా విరిగితే ఆపరేషనుకు, మంచంలో వుంచి చెయ్యడానికి ఎంతవుతుందో లెక్కవేసుకుని సరేనన్నాడు. చాలా ఇళ్లల్లో ఈ లెక్క వేయరు. ముసలామెకు అంత ఖర్చెందుకన్న మాట నోటితో అనకపోయినా ముఖాల్లో కనబడుతుంది.

కలంలాంటి పరికరం. ఒక కలంలో 28 రోజుల మందు. రోజూ ఒకే వేళకు తొడకు గాని పొట్టకు గాని చర్మం కిందికి పొడుచుకోవాలి. ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య వుంచాలి, గడ్డకట్టే అరలో పెట్టకూడదు. 28 రోజులు దాటితే మందు మిగిలినా పారవేయాలి. మొదటి రోజుల్లో సూది వేసుకుని లేవగానే కొందరికి కళ్లు తిరుగుతాయి, అందుచేత మంచం మీద కూర్చుని వేసుకోవాలి. పడకుండా చూడటానికి యిచ్చిన మందుతో పడిపోతే ఏం లాభం? కరెంటు పోయే పల్లెల్లో ఫ్రిజ్ తలుపు మాటిమాటికి తియ్యకుండా వుంటే చల్లదనం నిలుస్తుంది. పశువుల టీకాలు మోసుకుపోయే ఐసు డబ్బా నా దగ్గర వుండేది, గాలివాన రోజుల్లో అది పెద్దమ్మ ఇంట్లోనే వుండేది.

రెండేళ్లు వాడి ఆపాలి. ఆపి ఊరుకుంటే మాత్రం కట్టినదంతా మెల్లగా కరిగిపోతుంది. వెంటనే నిలబెట్టే మందు అందుకోవాలి. ఇది చాలామంది మరిచే సంగతి, కాబట్టి విస్తరణ కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు గుర్తుపెట్టుకోండి. కొత్త గోడకు పూత వేయకుండా వానాకాలం వదిలేసినట్టు అవుతుంది. పెద్దమ్మకు ఆ తర్వాత యేడాదికోసారి జోలెడ్రోనిక్ ఎక్కించారు.

వంగిన నడుము నిలువు కాలేదు. అణగిన పూస మళ్లీ లేవదు, అది చెప్పి తీరాలి. కాని ఆ తర్వాత ఇంతవరకు మరొక ఎముక విరగలేదు. నిరుడు పెనుగంచిప్రోలు తిరునాళ్లకు చేతికర్ర పట్టుకుని వచ్చి, మునేటి ఒడ్డున నన్ను చూసి, "సూది లేదన్నావు గదరా" అని అందరి ముందూ అన్నది.

యాభై దాటినవారెవరికైనా నిలబడ్డచోట జారితే ఎముక విరిగిందంటే, కట్టు కట్టించుకుని వచ్చేయకండి. ఎందుకు విరిగిందో పరీక్ష చేయమని అడగండి. నడుం పట్టిందని చెప్పే ముసలివారి ఎత్తు తగ్గిందేమో పాత ద్వారబంధం దగ్గర నిలబెట్టి చూడండి. మా నందిగామ, జగ్గయ్యపేట 2022లో కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి గాని, ఎముకల డాక్టరుకోసం ఎక్కవలసింది ఆ విజయవాడ బస్సే.

చివరగా పశువైద్యుడి మాట ఒకటి. వాడిన సూదులను పేడదిబ్బ మీద వేయకండి. ఎరువుతోపాటు చేలోకి పోయి కూలివారి కాళ్లల్లో దిగుతాయి, మేతలో కలిస్తే గొడ్డు గుండెదాకా పోతాయి. మూత వున్న గట్టి డబ్బాలో వేసి, నిండాక ఆసుపత్రిలో యివ్వండి. పెద్దమ్మ యిందుకు ఒక పాత పచ్చడి జాడీ పెట్టుకున్నది.